ప్రవాసాంధ్రుల పౌరసత్వ సమస్య: చారిత్రక పరిశీలన

వలసను గురించి మన పత్రికలలోనూ సాహిత్యంలోనూ రెండు రకాల మాటలే ఎక్కువగా వినపడుతూ ఉంటవి. ఒకటి, విదేశాలకు పోయి పేరు గడించిన తెలుగువాని ప్రశంస. రెండవది, ముసలి తల్లిదండ్రులను వదలిపోయిన కొడుకుమీద నింద. ఈ రెండూ వ్యక్తి గుణదోషాలను చూసేవే. పోయినవానికి ఆ గడ్డమీద ఉండే హక్కు ఎవరిచ్చారు, ఏ షరతుమీద ఇచ్చారు, ఎప్పుడు ఎందుకు వెనక్కు తీసుకున్నారు అనే ప్రశ్నలను మనం ప్లీడర్లకు వదిలివేశాము. ఐతే నూటయాభై ఏండ్ల తెలుగు శ్రమజీవుల చరిత్ర చాలామేరకు ఈ ప్రశ్నలలోనే ఇమిడి ఉన్నది. మైలవరం ప్రాంతంలో అమెరికాలో బంధువులు లేని కుటుంబాలు తక్కువ. ఆ బంధువులలో ఎందరు అక్కడి పౌరులు, ఎందరు శాశ్వత నివాసులు, ఎందరు ఏటికేడు కాగితం పొడిగింపుకోసం ఎదురుచూసేవారు అని అడిగితే మాత్రం జవాబు చెప్పగలిగినవారు తక్కువే. ఆ తేడా తెలియకుండా వలసను అర్థం చేసుకోవటం సాధ్యం కాదు.

ఈ వ్యాసంలో ప్రతిపాదించదలచిన విషయం ఒక్కటే. వలసవచ్చినవాని శ్రమ కావలసినప్పుడు రాజ్యాలు తలుపు తెరిచినవి. శ్రమతోపాటు మనిషి కూడ వచ్చాడని గుర్తించవలసి వచ్చినప్పుడు ఆ తలుపునే సగం మూసినవి. బర్మా రేవులనుంచి కాలిఫోర్నియా కంప్యూటరు కంపెనీల వరకు ఈ వరుస మారలేదు.

1

తెలుగువారి ఆధునిక వలస చరిత్రలో మొదటి పెద్ద అధ్యాయం బర్మా. పల్లెజనం నోట రంగూను 'రంగం' అయింది. 'రంగం పోయాడు' అంటే కూటికోసం సముద్రం దాటాడని అర్థం. 1852లో దిగువ బర్మాను ఆంగ్లేయులు ఆక్రమించిన తరువాత, ముఖ్యంగా 1869లో సూయజు కాలువ తెరచిన తరువాత, ఐరావతీ డెల్టా ప్రపంచానికి బియ్యపు కొట్టంగా మారింది. పొలాలలో కోతకు, మిల్లులలో దంపుడుకు, రేవులలో మోతకు లక్షలాది చేతులు కావలసి వచ్చినవి. ఆ చేతులు విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవులనుంచి పోయినవి. గోదావరీముఖాన ఉన్న కోరంగి రేవు పేరుమీదనే బర్మావారు తెలుగు కూలీలను 'కోరంగీలు' అన్నారు. ఒక ఊరి పేరు ఒక జాతికి తిట్టుపేరుగా మారటంలోనే ఆనాటి కూలివాని స్థానం ఎట్టిదో తెలుస్తుంది.

కూలీని తీసుకొనిపోయేవాడు మేస్త్రి. ఓడ ఖర్చుకు, ఇంట్లో తిండిగింజలకు ముందుగా బయానా ఇచ్చి, ఆ అప్పు తీరేవరకు తనకింద పని చేయించుకొనేవాడు. కూలి డబ్బు కంపెనీనుంచి మేస్త్రి చేతికి, మేస్త్రి చేతినుంచి కోతలు పోను కూలివాని చేతికి వచ్చేది. అప్పటికి బర్మా, హిందూదేశం ఒకే ప్రభుత్వం కింద ఉన్నవి కాబట్టి కోరంగివాడు ఏ సరిహద్దూ దాటలేదు. పాస్‌పోర్టు, అనుమతిపత్రం, పౌరసత్వం అన్న మాటలే అతనికి తెలియవు. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పదిలక్షలకు పైగా ఉన్నారు. రంగూను నగర జనాభాలో వారు సగాన్ని మించిపోయారు. ఆ నగరాన్ని మోసినవారిలో తెలుగు రేవుకూలీలది పెద్ద పాలు.

1930 మే నెలలో ఆ రేవుకూలీలు కూలిరేట్లు పెంచమని సమ్మె కట్టారు. ఓడసరుకుల కంపెనీలు సమ్మెను విరగ్గొట్టటానికి బర్మా కూలీలను తెచ్చినవి. సమ్మె పరిష్కారం కాగానే ఆ బర్మా కూలీలను పొమ్మన్నవి. కడుపు మండిన ఇద్దరు పేదలు ఒకరిమీద ఒకరు కత్తిదూశారు. రంగూను వీధులలో కోరంగీల రక్తం పారింది. లాభం పొందిన కంపెనీలమీద ఎవరి చేయీ పడలేదు. జాతివైరమనే పేరుతో చరిత్రకెక్కిన ఆ అల్లర్ల పుట్టుక ఒక కూలిరేటు తగాదాలో ఉన్నది.

1937 ఏప్రిల్ 1న బర్మాను హిందూదేశంనుంచి విడదీశారు. కోరంగివాడు కదలలేదు, సరిహద్దు మాత్రం అతని కాళ్లకిందికి వచ్చింది. 1941లో రెండు ప్రభుత్వాలమధ్య వలస ఒప్పందం కుదిరింది. నిరవధికంగా ఉండనిచ్చే అనుమతి కొందరికి, పరిమితకాలం పనిచేసి పొమ్మనే అనుమతి మరికొందరికి అని అందులో రెండు తరగతులు ఏర్పరచారు. యుద్ధం ముంచుకొని రావటంతో ఆ ఒప్పందం అమలు కాలేదు. ఐనా 'ఉండదగినవాడు', 'పనిచేసి పోదగినవాడు' అనే ఆ విభజన చావలేదు. నేటి అమెరికన్ వీసాల పట్టికలో కూడ దాని నీడ కనపడుతుంది.

1942లో జపాను సేనలు రాగా దాదాపు అయిదులక్షలమంది అడవులు, కొండలు దాటి కాలినడకన అస్సాం వైపు, అరకాన్ వైపు వచ్చారు. వేలాదిమంది దారిలోనే మరణించారు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. వలసవచ్చినవారికి కొత్త రాజ్యాంగం తలుపు పూర్తిగా మూయలేదు. 1942 జనవరి 1కి ముందుగాని, 1948 జనవరి 4కు ముందుగాని గల పదేండ్లలో ఎనిమిదేండ్లు ఆ దేశంలో నివసించి, శాశ్వతంగా ఉండగోరేవారు పౌరసత్వం ఎన్నుకొనవచ్చునన్నది. చూడటానికి ఇది ఉదారమైన నిబంధనే. ఐతే దానిని కూలివాని జీవితంతో పోల్చి చూడాలి. పంటల కాలానికి పోయి, వానకాలానికి తిరిగివచ్చేవాడు ఎనిమిదేండ్ల నివాసం ఎట్లా రుజువు చేసుకుంటాడు? మేస్త్రి చేతిమీదుగా కూలి తీసుకొన్నవాని దగ్గర రసీదు ఎక్కడ ఉంటుంది? ఉన్న కాగితం 1942 నడకలో ఏ కొండవాగులో కొట్టుకొనిపోయిందో! దరఖాస్తు పెట్టుకొన్నవారు కొద్దిమంది. మిగిలినవారు విదేశీయులుగా నమోదై, పుట్టిపెరిగిన ఊళ్లోనే పరాయివారుగా బ్రతికారు.

1962లో నెవిన్ సైనికప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేసింది, పెద్ద నోట్లను రద్దు చేసింది. భారతీయులు ఓడలలో మద్రాసుకు, విశాఖపట్నానికి తిరిగివచ్చారు. విశాఖలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు పేరు ఆ చరిత్రకు సాక్ష్యంగా నేటికీ నిలిచి ఉన్నది. అక్కడే మిగిలినవారి సంతతికి 1982 చట్టం కొత్త చిక్కు తెచ్చింది. పౌరులను మూడు తరగతులుగా విడదీసి, మొదటి ఆంగ్ల యుద్ధానికి ముందటి 1823వ సంవత్సరాన్ని గీటురాయిగా పెట్టింది. తాతముత్తాతల నివాసాన్ని కూలివాని మనుమడు రుజువు చేసుకోవాలట! మలయా తోటలకు పోయిన తెలుగువారి కథా ఇంతే. 1957 తరువాత కూడ పౌరసత్వం అందనివారు ఎర్ర గుర్తింపుకార్డుతో మిగిలిపోయారు. 1969 తరువాత వారికి పనిచేయటానికే ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది.

2

ఇక అమెరికా మాట. స్వేచ్ఛకు పుట్టినిల్లని పేరుపడిన ఆ దేశం 1790లో చేసిన చట్టంలో, పరదేశులలో పౌరులు కాదగినవారు 'స్వేచ్ఛగల తెల్లవారు' మాత్రమే అని వ్రాసుకొన్నది. అంతర్యుద్ధం తరువాత 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చింది. 1917లో ఆసియాలో అధికభాగాన్ని గీతగీసి అక్కడివారి రాకను నిషేధించింది. అప్పటికే చేరినవారు పౌరసత్వంకోసం కోర్టుకెక్కారు.

వారిలో ప్రసిద్ధుడు భగత్‌సింగ్ థిండ్. అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ సిక్కు. తాను ఉన్నతకులానికి చెందిన ఆర్యుడననీ, కాబట్టి తెల్లవాడి కిందికే వస్తాననీ అతని తరఫు వాదన. 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసివేసింది. శాస్త్రవేత్తలు ఏ జాతికింద చేర్చినా, సామాన్యుడైన అమెరికన్ దృష్టిలో హిందూదేశీయుడు తెల్లవాడు కాడన్నది. ఈ తీర్పును జాతివివక్షగా ఖండించటం న్యాయమే. ఐతే వాదనను కూడ పరిశీలించవలసి ఉన్నది. మనుషులందరూ సమానులు కాబట్టి హక్కు ఇమ్మని అది అడగలేదు. మా దేశంలో మేము పైవారము కాబట్టి మీ పైవారిలో చేర్చుకొమ్మని అడిగింది. కులగర్వం వర్ణగర్వాన్ని ఆశ్రయించి భంగపడింది. ప్రవాసంలోనైనా కులం వదలని మనవారికి ఈ కేసు ఒక పాఠం కాదగినది.

తీర్పు తరువాత, అదివరకే పౌరులైన భారతీయుల పౌరసత్వాన్ని సైతం రద్దుచేయటానికి ప్రభుత్వం పూనుకొన్నది. పౌరసత్వానికి అనర్హులైనవారు సేద్యపుభూమి కొనరాదని కాలిఫోర్నియా చట్టం. అందువల్ల పంజాబీ రైతులు పరాయివారి పేర్లమీద భూమి చేసుకొన్నారు. పౌరసత్వం కోల్పోయిన వైష్ణోదాస్ బగాయ్ అనే వర్తకుడు 1928లో ఆత్మహత్య చేసుకొన్నాడు. చట్టపు మాట ఒకటి మారితే మనిషి ఇల్లు, భూమి, చివరకు ప్రాణమూ ఎట్లా పోతవో చూపటానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఈ కాలంలోనే అమెరికాలో అడుగుపెట్టిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించి, 1920లలో హార్వర్డుకు పోయి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ వంటి ఔషధాల పరిశోధనలను నడిపించినవాడు. ఆయన ఔషధాలు ఆ దేశంలో ఇంటింటికీ పోయినవి. ఆయన మాత్రం 1948లో అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశాడు. మనం ఆయన మేధను కీర్తిస్తాము. ఆయన కాలంలో ఆ మేధకు చట్టంలో ఉన్న స్థానాన్ని గురించి ఒక్క వాక్యం వ్రాసుకోము.

1946 జులై 2న ట్రూమన్ సంతకం చేసిన చట్టంతో భారతీయులకు పౌరసత్వార్హత కలిగింది. దేశం మొత్తానికి ఏడాదికి నూరుమంది ప్రవేశం! స్వతంత్రం కాబోతున్న ఒక పెద్ద దేశపు స్నేహంకోసం ఇచ్చిన రాయితీ ఇది. ఐనా దానివల్లనే 1949లో పౌరుడైన దలీప్‌సింగ్ సౌంద్ 1956లో అమెరికన్ కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు.

అసలు మలుపు 1965 చట్టం. దేశాలవారీ పాత కోటాలు పోయి, కుటుంబసంబంధం, వృత్తినైపుణ్యం అన్నవి ప్రవేశానికి ఆధారాలైనవి. అదే సంవత్సరం వృద్ధులకు, పేదలకు ప్రభుత్వ వైద్యబీమా పథకాలు ఏర్పడగా వైద్యుల అవసరం హెచ్చింది. మన వైద్యకళాశాలలలో ప్రజల సొమ్ముతో చదువుకొన్నవారు ఆ అవసరాన్ని తీర్చారు. గమనించవలసిందేమంటే, ఆ తరంవారిలో చాలామందికి శాశ్వతనివాసం త్వరలోనే చేతికి అందింది. కాళ్లు ఊన్చుకొనటానికి నేల ఉన్నది కాబట్టి యజమానితో మాట్లాడటానికి నోరూ ఉన్నది. తరువాతి తరానికి ఈ వరుస తలక్రిందులైంది.

3

1990లో అమెరికా చేసిన వలస చట్టం నేటి పరిస్థితికి మూలం. హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసాను ఏడాదికి 65,000 పరిమితితో ఏర్పరచింది. ఉద్యోగం ద్వారా ఇచ్చే శాశ్వత నివాసాలను ఏడాదికి సుమారు 1,40,000గా నిర్ణయించింది. ఈ లెక్కలో ఉద్యోగి భార్యాబిడ్డలు కూడ చేరినవారే. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ నూటికి ఏడుకు మించరాదన్నది. అంటే 9,800. ఇతరులు వాడుకోక మిగిలినవి ఉంటే కొన్ని కలుస్తవి. నాలుగులక్షల జనం లేని ఐస్‌లాండుకూ నూటనలభైకోట్ల భారతదేశానికీ ఒకే హద్దు.

ఇటు చూస్తే, 1977లో విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వెలసింది. రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగు విద్యకు అది ఆరంభం. డెల్టా వ్యవసాయంలో మిగిలిన పెట్టుబడి సినిమాలు, కాంట్రాక్టులతోపాటు చదువుల వ్యాపారంలోకి ప్రవహించింది. 1990ల చివర కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీ చిక్కు రాగా అమెరికాకు మళ్లీ చేతులు కావలసి వచ్చినవి. 2001 నుంచి 2003 వరకు హెచ్-1బి పరిమితి 1,95,000కు పెరిగింది. శాశ్వత నివాసాల సంఖ్య మాత్రం అట్లాగే ఉండిపోయింది. పని చేయటానికి రమ్మన్న తలుపు విశాలం, ఉండిపోవటానికి తెరచిన తలుపు ఇరుకు. ఈ రెండు తలుపుల మధ్య నడవాలో ఒక తరం యావత్తూ నిలబడి ఉన్నది.

ఆ నడవాలో నిలబడటమంటే ఏమిటో వివరంగా చూడాలి. శాశ్వతనివాసానికి ప్రధానమైన దరఖాస్తును ఉద్యోగి స్వయంగా పెట్టుకోలేడు, యజమాని పెట్టాలి. ఉద్యోగం పోతే 60 రోజులలో మరొక యజమానిని వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. భారతదేశంలో పుట్టినవాని వంతు రావటానికి సాధారణ తరగతులలో పదేండ్లు పైబడి పడుతున్నది. ఈలోగా ఇక్కడనుంచి చంకన ఎత్తుకొనిపోయిన బిడ్డకు 21 ఏండ్లు నిండితే తల్లిదండ్రుల వరుసలోనుంచి తొలగిపోతాడు. తెలిసిన ఊరు అదే ఐనా అక్కడ పరదేశి. ఈ హద్దు తొలగించే బిల్లులు 2019లో దిగువ సభలోనూ, 2020లో ఎగువ సభలోనూ వేరువేరు రూపాలలో నెగ్గినవి, చట్టం మాత్రం కాలేదు. హద్దుకు కొలమానం పౌరసత్వం కూడ కాదు, పుట్టినచోటు. మనిషి చదువు, పని, ప్రవర్తన మార్చగలడు. పుట్టుకను మార్చలేడు. పుట్టుకతో మనిషి వంతు నిర్ణయించటం ఏమిటో మన దేశంవారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

భార్య నివాసహక్కు భర్త ప్రాణానికి ముడిపడి ఉన్నది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో ఒక తెలుగు ఇంజనీరును జాత్యహంకారి కాల్చి చంపాడు. భర్త చనిపోయిన దినాననే ఆమెకు ఆ దేశంలో ఉండే హక్కూ పోయింది. అంత్యక్రియలకు వచ్చిన ఆమె తిరిగి తన ఇంటికి పోవటానికి ఒక కాంగ్రెసు సభ్యుని సాయం కావలసి వచ్చింది. విద్యార్థుల స్థితీ వేరు కాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ అనే బూటకపు విశ్వవిద్యాలయం బయటపడగా వందలాది ఆంధ్ర విద్యార్థులు చిక్కులపాలైనారు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని ప్రభుత్వమే వలగా పన్నింది. పట్టుబడినవారిలో తెలుగువారు అధికం. ఇక 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించటంతో చేతుల అవసరం తీరిందన్న సంకేతం స్పష్టమైంది.

మేస్త్రికీ స్పాన్సరుకూ, బయానాకూ దరఖాస్తు ఖర్చుకూ తేడా లేదనటం లేదు. జీతాలలో, మర్యాదలో భూమ్యాకాశాల అంతరం ఉన్నది. ఐతే మనిషి ఉనికిని పని ఇచ్చినవాని చేతిలో పెట్టే పద్ధతి ఒకటే. ఆ పద్ధతి ఎంత క్రూరం కాగలదో చెప్పటానికి దూరం పోనక్కరలేదు.

4

మైలవరం మండలంలోని వెల్వడంనుంచి 1960లో చదువుకోసం బర్క్లీ నగరానికి పోయి, అక్కడ వందలాది అద్దెయిండ్లకు యజమానియైనవాడు లకిరెడ్డి బాలిరెడ్డి. 1999 నవంబరులో ఆయన అద్దెయింట విషవాయువు సోకి, మన ప్రాంతంనుంచి పోయిన ఒక బాలిక మరణించింది. దారినపోయే ఒక స్త్రీ అనుమానించి పోలీసులను పిలిపించకపోతే ఆ చావు కూడ మామూలు ప్రమాదంగా ముగిసిపోయేది. బర్క్లీ ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ బడి పత్రికలో ఈ పిల్లలు బడికి ఎందుకు రావటం లేదని ప్రశ్నించారు. విచారణలో నిజాలు బయటపడినవి. నకిలీ ఉద్యోగాల పేరిట హెచ్-1బి వీసాలు సృష్టించి, కాని బంధుత్వాలు కల్పించి, నిరుపేద కుటుంబాల మనుషులను తీసుకొనిపోయారు. వారిలో మైనరు బాలికలు ఉన్నారు. వలస మోసం, మైనర్లను లైంగిక దురుద్దేశంతో తరలించటం మొదలైన నేరాలను ఆయన ఒప్పుకొన్నాడు. 2001 జూన్‌లో ఫెడరల్ కోర్టు 97 నెలల శిక్ష విధించింది, బాధితులకు ఇరవైలక్షల డాలర్ల పరిహారం చెల్లించమన్నది.

ఆయన విరాళాలతో ఇక్కడ విద్యాసంస్థలు వెలసిన మాట నిజమే. అందువల్ల ఈ విషయం మాట్లాడటానికి మనవారు జంకుతారు. ఐతే చరిత్రకారుడు జంకితే చరిత్ర ఉండదు. ఇది ఒక వ్యక్తి దుర్మార్గం మాత్రమే ఐతే కోర్టు తీర్పుతో సరిపోయేది. ఊళ్లో భూమి లేనివానికీ భూమి ఉన్నవానికీ మధ్య ఉండే పాలేరుతనం, సముద్రం దాటిన తరువాత వీసాకాగితం రూపంలో మళ్లీ మొలకెత్తింది. ఊళ్లో పాలేరు కనీసం పక్క ఊరికి పారిపోగలడు. దొంగపేరుతో, దొంగకాగితంతో పరదేశంలో ఉన్న పిల్ల పోలీసును చూసినా భయపడుతుంది, ఎందుకంటే చట్టం దృష్టిలో ఆమే మొదటి నేరస్థురాలు. యజమాని బలం అతని డబ్బులో ఎంత ఉన్నదో ఆమె భయంలో అంత ఉన్నది.

2000 అక్టోబరులో అమెరికా మనుషుల అక్రమరవాణాకు వ్యతిరేకంగా చట్టం చేసింది. బాధితులకు ఏడాదికి 5,000 వరకు ప్రత్యేక వీసాలు, మూడేండ్ల తరువాత శాశ్వతనివాసానికి అర్హత కల్పించింది. పెద్దవారైన బాధితులు నేరపరిశోధనకు సహకరించాలన్నది ముఖ్య షరతు. నివాసహక్కు బాధితుల చేతికి వస్తేనే సాక్ష్యం వస్తుందని చట్టమే అంగీకరించిందన్నమాట. ఉండే హక్కు యజమాని చేతిలో ఉన్నంతకాలం అన్యాయం నోరు విప్పదని దీనికి తాత్పర్యం.

5

చివరగా మన ఇంటి సంగతి. పరదేశ పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకొన్నవాడు భారతపౌరుడు కాడని మన రాజ్యాంగం తొమ్మిదవ అధికరణం. 2005 తరువాత వచ్చిన ఓసీఐ కార్డును జనం ద్వంద్వపౌరసత్వమని పిలుస్తున్నా అది పౌరసత్వం కాదు. ఓటు లేదు, సేద్యపుభూమి కొనే హక్కు లేదు, వారసత్వంగా రావటం మాత్రం చెల్లుతుంది. ఒకనాడు కాలిఫోర్నియాలో పంజాబీ రైతు పరాయిపేరున భూమి చేసుకొన్నట్లే, నేడు కృష్ణాతీరంలో ప్రవాసి బావమరిది పేరున భూమి కొంటున్నాడు. ఆ పేరే తరువాత తగాదా అవుతున్నది.

గల్ఫుకు పోయే కూలికి మన ప్రభుత్వమే వేరు పాస్‌పోర్టు ముద్ర వేస్తుంది. పదవతరగతి ప్యాసుకాని శ్రామికుడు పద్దెనిమిది దేశాలకు పనికి పోవాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. రక్షణకోసమని ఉద్దేశం. ఫలితంలో మాత్రం ఏజెంటుకు మరొక మెట్టు. అక్కడ ఎన్నేండ్లు ఉన్నా పౌరసత్వం ఊసు లేదు.

2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు తాత్కాలిక వీసాదారుల బిడ్డలకు జన్మతః పౌరసత్వం లేదని ఉత్తర్వు ఇవ్వగా తెలుగు కుటుంబాలు గుండెలు బాదుకొన్నవి. అక్కడి దిగువ కోర్టులు ఆ ఉత్తర్వును నిలిపివేసినవి. ఆ ఆందోళన న్యాయమే. ఐతే మన దేశం 1987 జులైనుంచే పుట్టుక ఒక్కటే చాలదన్నది, 2004 డిసెంబరునుంచి ఇంకా బిగించింది. దానిమీద మన ఇండ్లలో చర్చ జరిగినట్లు కనపడదు. ఒరిస్సానుంచి వచ్చి ఇటుకబట్టీలలో కాలేవారు, బీహారునుంచి వచ్చి భవనాలు కట్టేవారు ఈ దేశ పౌరులే. వారికి మన ఊళ్లో ఓటు లేదు, పిల్లలకు బడి లేదు. 2020 లాక్‌డౌన్‌లో వారు విజయవాడ రహదారి వెంట నడిచిపోతూ ఉంటే 1942 నాటి బర్మా నడక గుర్తుకు రావలసింది.

మన సాహిత్యంలో రంగం అంటే 'రంగూన్ రౌడీ' నాటకం, అమెరికా అంటే డాలరు అల్లుడు. కోరంగి కూలీ కోల్పోయిన రసీదు, నడవాలో నిలబడ్డ ఇంజనీరు, భర్తతోపాటు నివాసం పోయిన భార్య, దొంగపేరుతో చనిపోయిన బాలిక ఇంకా మన కథలలోకి రావలసినట్లుగా రాలేదు. వారి చరిత్ర వ్రాయటం మొదటి పని. నివాసహక్కు యజమాని దయాభిక్షగా కాక, పనిచేసిన కాలంతో మనిషికి సంక్రమించే హక్కుగా ఉండాలని కోరటం రెండవది. ఆ కోరిక కాలిఫోర్నియాలో మనవానికోసం చేసి, కంకిపాడు ఇటుకబట్టీలో ఒరియా కూలికి నిరాకరిస్తే అది హక్కు కాదు, స్వార్థం.